కాశీలో కాలినడక – మార్గదర్శి ధర్మము

కాశీకి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పూర్వులు చెప్పుచుండెడివారు. దారిపొడవునను దొంగలు, అడవులు, వరదలు, విషజ్వరములు. వెడలినవారు మరలివత్తురను నమ్మకము లేదు. అందుచేత ఇల్లువాకిలి మరియొకరికి అప్పగించి, బంధువులయొద్ద సెలవు పుచ్చుకొని బయలుదేరెడివారు. నేడు మనము రైలెక్కి, నిదురించి లేచునప్పటికి దారిలో పెద్దభాగము గడచిపోవుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను త్వరగా పోవుట వేఱు, చక్కగా చూచుట వేఱు. మొదటిదానిని రైలు చేయగలదు. రెండవదానిని మనమే చేసికొనవలెను.

గడచిన శీతకాలపు సెలవులలో మా పాఠశాల పై తరగతుల బాలబాలికలను ముప్పదిమందిని వెంటబెట్టుకొని మేము కాశీనగరమునకు పోయి, అచ్చట రెండు దినములు మార్గదర్శుల వెంట కాలినడకను తిరిగివచ్చితిమి. అందు మొదటి దినము మాకు సిగ్గును, రెండవ దినము మాకు బుద్ధిని కలిగించినది. ఆ రెంటిని దాచక ఈ పత్రికాముఖమున చదువరులకు నివేదింపగోరుచున్నాము. మా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము: పుణ్యక్షేత్రమును నడచియే చూడవలెను, కాని ఎన్ని చోటులు చూచితిమి అనునది ముఖ్యము కాదు. నడిపించినవాడు ఎచ్చట నిలిపెను, ఏమి చెప్పెను, ఎచ్చట మౌనము వహింపుమనెను అనునదియే ముఖ్యము.

ప్రయాణమునకు ముందు కొందఱు తల్లిదండ్రులు మాయొద్దకు వచ్చి, “అయ్యా, మిషను పాఠశాల పిల్లలకు కాశీతో ఏమి పని? చూడదలచినచో తాజమహలు లేదా? సముద్రము లేదా?” అని అడిగిరి. ఇది సహజమైన ప్రశ్నయే గాని నిందింపదగినది కాదు. మేమిచ్చిన ప్రత్యుత్తర మిది. కాశీని ఎఱుగక తెలుగు భాషను పూర్తిగా ఎఱుగుట సాధ్యము కాదు. మన పెండ్లిండ్లలో వరుడు గొడుగు పట్టుకొని, పావుకోళ్లు తొడుగుకొని కాశీయాత్రకు బయలుదేరును. మన పల్లెలలోని నాటకములన్నిటిలోను హరిశ్చంద్రుడు కాశీలోనే కాటికాపరి యగును. గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పనిచేసిన గుఱ్ఱము జాషువ కవి 1941లో ప్రకటించిన ‘గబ్బిలము’ అను కావ్యమున, అంటరానివాడని వెలివేయబడిన పేదవాడొకడు తన గోడును కాశీ విశ్వేశ్వరునికి విన్నవింపుమని గబ్బిలమును పంపును. మనుష్యునికి మూయబడిన గుడితలుపు గబ్బిలమునకు తెఱచియుండుటయే ఆ కావ్యములోని వేదన. అట్టి కావ్యమును తరగతిలో చెప్పుచు, ఆ సందేశము చేరవలసిన ఊరిని చూడవద్దని పిల్లలతో ఎట్లు చెప్పగలము? ఇది వినిన పిమ్మట పెక్కుమంది సమ్మతించిరి. సమ్మతింపనివారి పిల్లలను మేము బలవంతపెట్టలేదు.

మార్గమును చూపుటయను పని మన భాషకు క్రొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ మన పెద్దలు విరివిగా చదివిన గ్రంథము. అందు కాశీకి పోవు మణిసిద్ధుడను యతికి తోడుగా వచ్చుటకు గోపుడను పసులకాపరి బాలుడు ఒక నియమము పెట్టును: దారిలో తాను చూచిన వింతను గూర్చి అడిగినప్పుడు, దాని కథను ఆయన చెప్పవలెను. చూడుడు! బాలుడు చూచును, అడుగును, పెద్ద చెప్పును. ఇంతకంటె మంచి బోధనాపద్ధతిని మేము శిక్షణ కళాశాలలో సైతము నేర్చియుండలేదు. అటులనే చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో పెద్ద పరివారముతో బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆయన పల్లకిలో పోయెను. మోసిన బోయీలు నడచిరి. అయినను ఆయన కన్నులు మూసికొని పోలేదు. ఏ మజిలీలో నీళ్లు దొరకును, ఏ దారి బండ్లకు తగును, ఏ ఊరివారి ఆచారమెట్టిది అని వెనుక రాబోవువారికొఱకు వ్రాసియుంచెను. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. మార్గదర్శి ఎట్లుండవలెనో తెలిసికొనుటకు మనకు ఈ రెండు గ్రంథములు చాలును.

ఇక మా మొదటి దినపు సంగతి. బసవారు కుదిర్చిన మార్గదర్శి యొకడు ఉదయమున ఆఱు గంటలకే వచ్చెను. చుఱుకైనవాడు, హిందీ, ఇంగ్లీషు, కొన్ని తెలుగు మాటలును ఎఱుగును. చేతిలో చిన్న జెండా పట్టుకొని పరుగువంటి నడకతో మమ్ములను సందులవెంట త్రిప్పెను. మధ్యాహ్నమునకు పదునేడు చోటులు చూచితిమి. ఆ లెక్క మేమే మా పుస్తకములో వ్రాసికొంటిమి గనుక చెప్పగలుగుచున్నాము. ప్రతిదియు ఐదువేల ఏండ్లనాటిదని అతడు చెప్పెను. మెట్లు ఐదువేల ఏండ్లవి. గోపురము ఐదువేల ఏండ్లది. తుదకు తాను మమ్ములను తీసికొనిపోయిన పట్టుచీరల దుకాణపు గుమ్మమును ఐదువేల ఏండ్లదే. ఆ దుకాణములో ఒక గంట గడచినది.

పిమ్మట మణికర్ణికా ఘట్టమునకు చేరితిమి. అది రేయింబవళ్లు చితులు వెలుగుచుండు స్థలము. మార్గదర్శి మమ్ములను మెట్లమీద ముందుకు జరిపి, “రండు, రండు, ఇచ్చటినుండి బాగుగా కనబడును” అనెను. క్రింద తెల్లని వస్త్రము కట్టి, తల గొఱిగించుకొనిన యువకుడొకడు చితిచుట్టు తిరుగుచుండెను. మా విద్యార్థి యొకడు సెల్‌ఫోను ఎత్తి చిత్రము తీసెను. ఆ యువకుడు తలయెత్తి మావైపు చూచెను. కోపపడలేదు, ఏమియు అనలేదు. పైబట్ట చెఱగుతో ముఖము కప్పుకొని అటు తిరిగెను.

ఆ విద్యార్థిని నిందింపవలెనని మేమిది వ్రాయుటలేదు. అతడు ఫోను ఎత్తినప్పుడు మేము ప్రక్కనే యుండి వారింపలేదు. అప్పుడు మేము చితులను లెక్కపెట్టుచుంటిమి. నేరము మొదట మాది. ఆ రాత్రి బసలో ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా నాయనను సమాధి చేసిన దినమున ఎవరైనను ఇట్లు ఫోను ఎత్తియుండినచో నేను ఊరకుందునా?” అని అడిగెను. ఆ చిత్రమును తానే తీసివేసితినని చెప్పెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఇరువది ఏండ్లకు పైగా పాఠములు చెప్పినవారము, ఆ రాత్రి ఒక పిల్లవాని యెదుట పాఠము రానివారివలె కూర్చుంటిమి.

మఱునాటి కొఱకు మేము వేఱొక మార్గదర్శిని వెదకుకొంటిమి. దొరికినవారు మూడు తరములనుండి కాశీలో నివసించుచున్న తెలుగు కుటుంబములోని వృద్ధులు, మావలెనే బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. ఆయన మూడు నియమములు పెట్టిరి. “పంతులుగారూ, పదునైదుగురికంటె ఎక్కువమందిని ఒక్కమాఱు తీసికొనిపోను. ఫోనులు సంచిలో నుండవలెను. పిల్లలు అడుగనిదే నేను చెప్పను.” గోపుడు మణిసిద్ధునికి నియమము పెట్టెను, ఇచ్చట మణిసిద్ధుడే గోపులకు నియమము పెట్టెనని మేము నవ్వుకొంటిమి. పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఉదయమున, ఒక జట్టును సాయంకాలమున పంపి, మేము రెండుసార్లును వెంట నడచితిమి. నడచిన దారి అసీ ఘట్టము మొదలు మానససరోవర ఘట్టమువరకు మాత్రమే. క్రోశమైనను లేని ఆ దారికి మూడు గంటలు పట్టినది.

అసీలో ఒక బాలిక మొదటి ప్రశ్న వేసెను: “తాతగారూ, ఎదుటి ఒడ్డున ఇండ్లేల లేవు?” ఆయన మిక్కిలి సంతోషించి ఇసుకమీద కఱ్ఱతో గీత గీసి చూపిరి. గంగ ఇచ్చట వంపు తిరిగి ఉత్తరముగా పాఱును. పడమటి ఒడ్డు గట్టి కంకరనేలతో కూడిన ఎత్తైన మిట్ట. తూర్పు ఒడ్డు పల్లపు ఇసుక. వానకాలమున నది పొంగి తూర్పు ఒడ్డును ముంచును. అందుచేత వరుణా, అసీ అను వాగుల నడుమ పడమటి మిట్టమీదనే నగరము పెరిగినది. నీరు ఏ మట్టమున నున్నను దిగి చేరుటకు వీలుగా మెట్లు కట్టిరి. ఒడ్డు తూర్పుముఖమైనందున ఉదయసూర్యుడు నదికి ఆవల పొడచును. 1978లో వచ్చిన పెద్దవరద ఈ మెట్లను దాటి ఊరిలోనికి వచ్చినదట. భూగోళ పాఠములో మేము నెలదినములు చెప్పిన విషయము ఆ పిల్లలకు పది నిమిషములలో మనస్సునకు పట్టినది.

తులసీ ఘట్టమునొద్ద ఒక బాలుడు కొంచెము జంకుచు, “గంగ పవిత్రమని అందురు గదా, ఇంత మురికియేల?” అని అడిగెను. వేఱొకరైనచో కోపపడియుందురు. ఆ వృద్ధులు కోపపడలేదు. ఆ ఘట్టముతో సంబంధించిన వీరభద్ర మిశ్రగారిని గూర్చి చెప్పిరి. ఆయన సంకటమోచన దేవాలయపు మహంతు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సివిల్ ఇంజనీరింగు ఆచార్యుడు. భక్తితో గంగలో మునుగుచు, ఆ గంగలో కలియుచున్న మురుగునీటిని గూర్చి లోకమునకు నిర్భయముగా చెప్పిన మనుష్యుడు. 1982లో గంగను శుభ్రపఱచు ఉద్యమమును ఆరంభించి, తులసీ ఘట్టముననే నీటిని పరీక్షించు ప్రయోగశాలను నెలకొల్పిరి. ప్రభుత్వము గంగా కార్యప్రణాళికను 1986లో ప్రారంభించెను. మిశ్రగారు 2013లో మరణించిరి. పని యింకను ముగియలేదు. “తల్లి అని పిలిచినంత మాత్రమున తల్లికి జబ్బు రాదా, బాబూ? జబ్బు అని చెప్పినవాడు కొడుకు కాకపోవునా?” అని ఆ వృద్ధులు ముగించిరి. భక్తికిని సత్యమునకును వైరము లేదని బోధించుటకు మాకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

హరిశ్చంద్ర ఘట్టము సమీపించుచుండగా ఆయన మమ్ములను పై మెట్లమీదనే దూరముగా నిలిపిరి. “ఇది చూచుటకు వచ్చు చోటు కాదు. దాటిపోవునప్పుడు తల వంచి దాటవలసిన చోటు” అని చెప్పి, కొంతసేపు తామును మాటాడలేదు. ఆ పిమ్మట దూరము పోయి, చెట్టునీడను కూర్చుండబెట్టి డోములను గూర్చి చెప్పిరి. కాశీలోని చితులకు నిప్పు ఇచ్చువారు వారు. ఎంత గొప్పవాని చితియైనను వారి నిప్పుతోనే వెలుగును. అయినను ఆ నిప్పును కాచినవారిని తరతరములుగా లోకము తాకరానివారనెను. అస్పృశ్యతను మన రాజ్యాంగము 1950లో నిషేధించినది. మనస్సులనుండి అది ఎంత పోయినదో ఎవరికి వారు చూచుకొనవలెను. హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో మన నటులు జాషువ కవి శ్మశానమును గూర్చి చెప్పిన పద్యములను చేర్చి పాడుచుందురు. మా విద్యార్థులలో ఆ పద్యములు వచ్చినవారు ముగ్గురు నలుగురున్నారు. వారిలో నొకడు పాడబోయి, క్రిందికి చూచి, తానే ఆగిపోయెను. ఆ ఆగుటను మేము ఈ యాత్రలోని పెద్దలాభముగా నెంచుచున్నాము.

అచ్చటినుండి కొంచెము దూరములో విజయనగర సంస్థానపు పేరుగల ఘట్టము కనబడినప్పుడు పిల్లలు తమ సొంత ఊరిని చూచినట్లు కేకలు వేసిరి. దాని ప్రక్కనే ఎఱ్ఱచారలు, తెల్లచారలు తీర్చిన మెట్లతో కేదార ఘట్టము. ఆ సందులలో తెలుగు, తమిళము, వంగభాష ఒక్క గుక్కలో వినవచ్చును. మానససరోవర ఘట్టమునొద్ద ఆంధ్రాశ్రమమున్నది. మన జిల్లాలనుండి వచ్చిన ముసలివారు అందు గుంపులుగా కనబడిరి. తిరుగుదారిలో మదనపురపు నేతగాండ్ర మగ్గముల చప్పుడు వినుచు వచ్చితిమి. హిందూ పెండ్లికూతుండ్రు కట్టు బనారసు పట్టుచీరలను నేయువారిలో పెక్కుమంది ముసల్మానులు. భక్తకవియైన కబీరును ఈ ఊరి నేతగాడే. రవిదాసు ఈ ఊరి చర్మకారుడే. రాళ్లను మాత్రము చూపి, ఆ రాళ్లనడుమ పనిచేయు చేతులను చూపని యాత్ర సగము యాత్రయే.

తుదకు ఒక విద్యార్థి, మొదటి దినపు మాటను తలచుకొని, “కాశీ వయస్సు నిజముగా ఐదువేల ఏండ్లా?” అని అడిగెను. వృద్ధులు నవ్వి, “పురాణమును అడిగిన ఒక ప్రత్యుత్తరము, మట్టిని అడిగిన ఒకటి, రాతిని అడిగిన మరియొకటి” అనిరి. పురాణములు కాశిని కాలమునకు అతీతమైనదిగా చెప్పును. అది విశ్వాసము, దానిని విశ్వాసముగా వినవలెను. రాజఘాటున త్రవ్విన పండితులకు సుమారు క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమునాటి నివాసచిహ్నములు దొరికినవి. అది మట్టి చెప్పిన సాక్ష్యము. ఇప్పుడు కనబడు మెట్లలోను, మేడలలోను పెక్కు 18వ శతాబ్దమున మహారాష్ట్ర ప్రభువులు మొదలగువారు కట్టించినవి. విశ్వనాథుని పూర్వాలయము 1669లో ఔరంగజేబు ఆజ్ఞచేత పడగొట్టబడినది. ఇప్పటి ఆలయమును ఇందూరు రాణి అహల్యాబాయి 1780లో కట్టించినది. ఆలయమునకును నదికిని నడుమనుండిన ఇరుకుసందులను, అనేక గృహములను తొలగించి నిర్మించిన విశాలమైన మార్గము 2021 డిసెంబరు 13న తెఱవబడినది. ఆయన బాధాకరమైన దానిని దాచలేదు. దానిని చెప్పి పిల్లల మనస్సులో పగను నాటనులేదు. చరిత్ర చెప్పువానికి ఈ రెండును కావలెను. మొదటిది మాత్రమే యున్నవాడు నిప్పు పెట్టును. రెండవది మాత్రమే కోరువాడు అబద్ధమాడును.

మొదటి మార్గదర్శియందు మాకు కోపము లేదు. పదునేడు చోటులు చూపినవానికే యాత్రికులు కూలి ఎక్కువ యిచ్చుచున్నారు. దుకాణమునకు తీసికొనిపోయినచో అతనికి వాటా దొరకును. మనమడిగిన సరకునే అతడు అమ్మెను. కనుక దిద్దుకొనవలసినవారము మనమే. అందులకై రాబోవు యాత్రలకు మేము పాఠశాలవారికిని, తల్లిదండ్రులకును కొన్ని విన్నపములు చేయుచున్నాము.

మొదటిది, దినమునకు ఒక్క చిన్నదారినే ఏర్పఱచుకొనవలెను; దానిని గూర్చి ప్రయాణమునకు ముందే తరగతిలో చదువవలెను. రెండవది, మార్గదర్శితో ముందే మాటాడి, దుకాణములు వద్దని చెప్పి, ఆ నష్టము తీఱునట్లు న్యాయమైన కూలి యియ్యవలెను. మూడవది, చావును, ప్రార్థనయు ఉన్నచోట ఫోను సంచిలో నుండవలెను; ఉపాధ్యాయుని ఫోను అందఱికంటె ముందుగా. నాల్గవది, తిరిగివచ్చిన పిమ్మట పిల్లలచేత వర్ణనలు వ్రాయింపక, తామడిగిన ప్రశ్నను, దానికి దొరికిన ప్రత్యుత్తరమును, ఇంకను తీఱని సందేహమును వ్రాయింపవలెను. ఐదవది, ఖర్చు భరింపలేని పిల్లలకు పాఠశాలనిధినుండి సాయము చేయవలెను. గుడి గుమ్మము వెలుపల నిలిచిన పేదవానికొఱకు కన్నీరు కార్చు కావ్యమును చదివి, మన యాత్ర గుమ్మము వెలుపల మన పేదవిద్యార్థిని నిలుపుట న్యాయము కాదు.

ఇతరుల పుణ్యస్థలములో ఇంత వినయమేల అని అడుగువారికి ఒక్కమాట. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును చూచుటకు అన్ని మతములవారును వత్తురు. అందు మనము మోకాళ్లూని యుండగా ఒకడు జెండా ఎత్తి, “రండు, ఇచ్చటినుండి బాగుగా కనబడును” అని గుంపును మన ముందునకు తోలినయెడల మన కెట్లుండును? మన కెట్లుండునో అదే వారికిని.

కాశీకి పోయినవారు తమకు ప్రియమైన పండునో కూరనో అచ్చట విడిచివచ్చుట మన పెద్దల ఆచారము. రైలెక్కుటకు ముందు పిల్లలు వేడుకగా, మనమేమి విడుతమని మాటాడుకొనిరి. ఒకడు పనసపండనెను, ఒకతె జిలేబీ అనెను, అందఱును నవ్విరి. చిత్రము తీసిన బాలుడు మాత్రమేమియు చెప్పలేదు. మేమును అతనిని అడుగలేదు. మేము మా పుస్తకమునుండి పదునేడు చోటుల పట్టిక వ్రాసిన కాగితమును చింపితిమి. గంగలో వేయుటకు మనస్సొప్పక, స్టేషనులోని చెత్తబుట్టలో వేసితిమి. చోటులను లెక్కపెట్టు అలవాటును కూడ దానితోనే విడిచితిమని నమ్ముచున్నాము. రాబోవు సంవత్సరము వేఱొక క్షేత్రమునకు పోవునప్పుడు మేము మరల లెక్కపెట్టుచున్నట్లు కనబడినచో, విద్యార్థులు మమ్ములను మందలింతురుగాక.